పాత హార్డ్ డిస్కులు: పెండింగ్ సెక్టర్లు పోగొట్టి మళ్లీ వాడకానికి ఇవ్వొచ్చా? లాంగ్ టెస్ట్ మధ్యలోనే ఆగిపోతోంది

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో రిపేరు షాపు. కాశీనగర్, గుణుపురం వైపు నుంచి, ఇటు పాతపట్నం నుంచి వచ్చే పాత సిస్టమ్‌లు, సీసీ కెమెరా డీవీఆర్‌లు విప్పినప్పుడు మిగిలిన డిస్కులు ఒక అట్టపెట్టెడు ఉన్నాయి. వాటిలో పాత డేటా ఎవరికీ అక్కర్లేదు. బాగుపడేవి ఉంటే ట్యూషన్ సెంటర్లకి, జిరాక్స్ షాపులకి తక్కువ ధరకి వేద్దామని ఆలోచన. నమూనాగా నాలుగింటి స్మార్ట్ అంకెలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) ఇస్తున్నాను.

ఒకటి: 1 టీబీ సీగేట్, డెస్క్‌టాప్‌ది. 05 సున్నా. సీ5లో 10, సీ6లో 10. లాంగ్ టెస్ట్ పెడితే "రీడ్ ఫెయిల్యూర్, 80% మిగిలింది" అని ఆగుతుంది. మొదటి తప్పు ఎల్‌బీఏ (సెక్టరు వరస నంబరు) 488132407.

రెండు: 500 జీబీ వెస్ట్రన్ డిజిటల్. 05, సీ5, సీ6 అన్నీ సున్నా. సీ7లో 1290. సిస్టమ్‌లో పెడితే మాత్రం నిమిషానికోసారి బిగుసుకుపోతుంది.

మూడు: 1 టీబీ లాప్‌టాప్ డిస్క్. 05లో 520, సీ5లో 98. ఆన్ చేయగానే టిక్ టిక్ మంటుంది.

నాలుగు: 2 టీబీ, డీవీఆర్ నుంచి తీసింది. 05లో 8, సీ5లో 20. 38 వేల గంటలు తిరిగింది.

అడగాలనుకున్నవి: డిస్కు తన సెల్ఫ్ టెస్ట్‌తో తానే బాగుచేసుకోదా? లో లెవెల్ ఫార్మాట్ అని, సెక్టర్ రీజెనరేట్ అని అమ్మే సాఫ్ట్‌వేర్లు పని చేస్తాయా? ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నదానికి గట్టి కొలత ఏమైనా ఉందా?

---

నాగావళి_రాయగడ:

మహేంద్రతనయ గారూ, ముందు అంకెలు సరిచూడండి. మీరిచ్చినవి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము తెర మీదవే అయితే, అందులో రా విలువలు (అసలు లెక్కలు) మామూలుగా హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో ఉంటాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ దగ్గర పదుల లెక్క ఎంచుకుంటే మామూలు అంకెల్లో వస్తాయి. మొదటి డిస్కుకి 10 అంటే పదహారు. మూడోదానికి 520 అంటే 1312, 98 అంటే 152. నాలుగోదానికి 20 అంటే 32. రెండోదాని 1290 అంటే 4752. గుర్తింపు సంఖ్యలూ హెక్సే: సీ5 అంటే 197, పెండింగ్ సెక్టర్లు. సీ6 అంటే 198, ఆఫ్‌లైన్‌లో చదవలేకపోయినవి. సీ7 అంటే 199, కేబుల్ మీద సీఆర్‌సీ తప్పులు. 05 అంటే వేరే చోటికి మార్చేసినవి.

పదహారు అనేది ఎనిమిదికి రెట్టింపు. ఇప్పటి డిస్కులు చాలావరకు లోపల 4096 బైట్ల సెక్టర్లు పెట్టుకుని, బయటికి 512 బైట్లవిగా చూపిస్తాయి. లోపల ఒక్కటి చెడితే బయటికి ఎనిమిది చెడినట్టు. అంటే మీ మొదటి డిస్కులో నిజంగా చెడినవి రెండే అయ్యుంటాయి. అది భయపడే లెక్క కాదు.

ఇక సెల్ఫ్ టెస్ట్ సంగతి. లాంగ్ టెస్ట్ డిస్కు మొత్తాన్ని చదువుతుంది. రాయదు. మొదటి చదవలేని సెక్టరు తగలగానే దాని ఎల్‌బీఏ లాగ్‌లో వేసి ఆగిపోతుంది, అవతల ఇంకెన్ని ఉన్నాయో చూడదు. చదవలేని చోట ఏముందో ఫర్మ్‌వేర్‌కి (డిస్కు లోపలి ప్రోగ్రాముకి) కూడా తెలియదు కదా. తనంతట తానే దాన్ని వేరే చోటికి మార్చేస్తే, రేపు మీరు చదివినప్పుడు తప్పుడు డేటాని మంచిదన్నట్టు ఇవ్వాల్సి వస్తుంది. అందుకని "పెండింగ్" అని రాసుకుని, ఎవరైనా అక్కడ కొత్తగా రాసేదాకా కూర్చుంటుంది.

రాసినప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. అక్కడే రాసి చూసుకుంటే నిలబడిందా, 197 తగ్గుతుంది, 05 కదలదు. ఇది మెత్తటి బ్యాడ్: రాస్తుండగా కరెంటు పోయి సగం రాత మిగిలిపోవడం లాంటిది, పళ్లెం (డేటా ఉండే తిరిగే బిళ్ల) మీద దెబ్బేమీ ఉండదు. రాసినా నిలవకపోతే స్పేర్ సెక్టరుకి మార్చేస్తుంది, 197 తగ్గి 05 పెరుగుతుంది. ఇది గట్టి బ్యాడ్. మీ పెట్టెలో ఏది ఏ రకమో తేల్చడమే అసలు పని, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

సెక్టర్ రీజెనరేట్ సాఫ్ట్‌వేర్లు ఏ పేరుతో అమ్మినా చివరికి చేసేది ఈ రాతే. దానికి డబ్బు పెట్టక్కర్లేదు.

పని క్రమం ఇలా పెట్టుకోండి. సిస్టమ్‌రెస్క్యూ లాంటి లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్కుని నేరుగా మదర్‌బోర్డు సాటా పోర్టుకి తగిలించండి. స్మార్ట్ అంకెలు చదివే స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశంతో పూర్తి రిపోర్టు ఫైల్‌లోకి తీసి, డిస్కు సీరియల్ నంబరుతో పేరు పెట్టి దాచండి. రేపు పోల్చాల్సింది దీనితోనే. తర్వాత షార్ట్ టెస్ట్, అది రెండు నిమిషాల్లో అయిపోతుంది. మోటారు, హెడ్లు (పళ్లెం మీద చదివి రాసే భాగాలు), ఎలక్ట్రానిక్స్ సంగతి అందులోనే బయటపడుతుంది. షార్ట్ టెస్టే పోతే ఆ డిస్కు మీద ఇంకో గంట ఖర్చు పెట్టకండి.

షార్ట్ దాటితే డిస్కు మొత్తం రాయాలి. బ్యాడ్‌బ్లాక్స్ అనే లినక్స్ ప్రోగ్రాముని రాత మోడ్‌లో, బ్లాక్ సైజు 4096 పెట్టి నడపండి. డిఫాల్ట్ సైజు 1024, దానితో చిన్న డిస్కులకి ఇబ్బంది లేదు గానీ 4 టీబీ దాటితే బ్లాకుల లెక్క 32 బిట్లలో పట్టక మొరాయిస్తుంది. ఇది ఏఏ, 55, ఎఫ్ఎఫ్, 00 అని నాలుగు నమూనాలు రాసి, ఒక్కొక్కటీ తిరిగి చదువుతుంది. అంటే డిస్కు మీద ఎనిమిది సార్లు పూర్తి తిరుగుడు. సగటున సెకనుకి 140 ఎంబీ ఇచ్చే 1 టీబీ డిస్కుకి ఒక్క తిరుగుడు రెండు గంటలు, మొత్తం పదహారు. పాత 500 జీబీ నెమ్మదైనవి పదకొండు, పన్నెండు గంటలు తింటాయి. అంత ఓపిక లేకపోతే సున్నాల నమూనా ఒక్కటే పెట్టి, ఆపైన లాంగ్ టెస్ట్ పెట్టండి. తొలి జల్లెడకి అది చాలు.

ఎంటర్ నొక్కే ముందు ఏ డిస్కు ఏ పేరుతో వచ్చిందో సీరియల్ నంబరుతో సరిచూడండి. మౌంట్ అయిన డిస్కు మీద బ్యాడ్‌బ్లాక్స్ రాయనంటుంది. మౌంట్ కాని మీ మంచి డిస్కుని మాత్రం కాపాడదు.

రాత అయ్యాక మళ్లీ లాంగ్ టెస్ట్, మళ్లీ రిపోర్టు. ఆ తర్వాత రెండు మూడు రోజులు పక్కన పెట్టి, చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసి, మరో లాంగ్ టెస్ట్. చాలామంది ఈ చివరిది వదిలేస్తారు. వేడెక్కిన డిస్కు బాగా చదివి, చల్లబడ్డాక మొదటి గంటలో తడబడే రకం ఇక్కడే దొరుకుతుంది.

నా కొలత: 197, 198 సున్నాకి రావాలి. మొదటి పూర్తి రాతలో 05 కొంచెం పెరిగితే పరవాలేదు, రెండో రాతలో ఒక్కటి కూడా పెరగకూడదు. పెరిగిందంటే చెడు పాకుతోందని అర్థం, దాన్ని ఎవరికీ ఇవ్వకండి. 05 ఎంత ఉందన్నది రెండో ప్రశ్న. కదలకుండా నలభై ఉన్న డిస్కుని, నాలుగు నుంచి ఆరుకి వెళ్లిన దానికన్నా నేను ఎక్కువ నమ్ముతాను.

మూడోది టిక్ టిక్ అంటోంది అన్నారు. దాన్ని ముట్టుకోకండి. పెట్టెలోంచి తీసేయండి.

---

బరంపురం_బెంచ్:

పైన చెప్పింది సబబే. అయితే రెండోది, నాలుగోది డిస్కు జబ్బులు కాకపోవచ్చు. డిస్కు మీద తీర్పు చెప్పేముందు చుట్టూ ఉన్నది చూడండి తమ్ముడూ.

రెండోదాంట్లో 199 ఒక్కటే పెరిగింది. ఇది డిస్కుకీ బోర్డుకీ మధ్య తీగ మీద పాడైన డేటా లెక్క. పళ్లేనికి సంబంధం లేదు. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు, కనుక 4752 అని కొట్టిపారేయకండి. మంచి సాటా కేబుల్ వేసి, వేరే పోర్టులో పెట్టి, రెండు వందల జీబీ చదివించండి. అంకె కదలకపోతే దోషం పాత కేబుల్‌దే. క్లిప్పు లేని ఎర్ర సాటా కేబుల్, కేబినెట్ తెరిచి మూసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా వదులవుతుంది. అలాంటివి చూడగానే పారేయాలి, మళ్లీ సొరుగులో వేయొద్దు.

కేబుల్ మార్చినా తేడా రాకపోతే బోర్డు తిప్పి చూడండి. సముద్రం గాలి తగిలే గోపాలపురం, ఛత్రపురం వైపు సిస్టమ్‌లలో ఇది మామూలే: సర్క్యూట్ బోర్డు మీద హెడ్ల కనెక్టరు కూర్చునే చిన్న చిన్న ప్యాడ్లు నల్లబడి ఉంటాయి. బోర్డు స్క్రూలు (నక్షత్రం తలవి) సీగేట్‌కి ఎక్కువగా టీ6, వెస్ట్రన్ డిజిటల్ పెద్ద డిస్కులకి టీ8. నాలుగైదు స్క్రూలు తీసి బోర్డు ఎత్తి, ఆ ప్యాడ్లని తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. ఇసుక కాగితం పెట్టకండి, పూత లేచిపోతుంది. డిస్కు మూత మీద ఉండే గాలి రంధ్రం దగ్గరికి ఆల్కహాల్ పోనివ్వకండి. హెడ్ల సంకేతం ఈ ప్యాడ్ల మీదుగానే వస్తుంది. అక్కడ పట్టు సరిగా లేకపోతే మంచి పళ్లెం కూడా చదవలేనట్టు కనబడుతుంది, 197 ఊరికే పెరుగుతుంది.

నాలుగోది డీవీఆర్‌ది. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు కొన్ని సెకన్లపాటు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. మనవాళ్లు డీవీఆర్‌కీ కెమెరాలకీ కలిపి ఒకే అడాప్టరు వేస్తారు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే వోల్టేజీ కుంగుతుంది. డిస్కు రాస్తున్న రాత వదిలేసి హెడ్లని పార్కింగ్‌కి లాగేసుకుంటుంది. మిగిలేది సగం రాసిన సెక్టరు. అలాంటి 32 పెండింగులు ఒక్క పూర్తి రాతతో మాయమైపోతే ఆశ్చర్యం లేదు.

కనుక డిస్కు బాగుపడినా అదే అడాప్టరు మీద తిరిగి పెడితే నెలలో మళ్లీ అదే కథ. డిస్కు పవర్ ప్లగ్ దగ్గర మీటరు పెట్టండి. పసుపు నలుపు మధ్య 11.4 నుంచి 12.6 లోపు, ఎరుపు నలుపు మధ్య 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. కనిష్ఠం పట్టుకునే మోడ్ ఉన్న మీటరైతే మేలు, మామూలు మీటరు క్షణం పాటు వచ్చే కుంగుబాటుని చూపించలేదు. కెమెరాలకి అడాప్టరు వేరుగా పెట్టించండి.

---

జయపురం_హార్డ్‌వేర్:

లో లెవెల్ ఫార్మాట్ గురించి అడిగారు గనుక. ఇప్పటి డిస్కులకి బయటి నుంచి అసలు లో లెవెల్ ఫార్మాట్ లేదు. ట్రాకులు, హెడ్డుకి దారి చూపే సర్వో గుర్తులు ఫ్యాక్టరీలోనే పడతాయి, మీ కంప్యూటర్ వాటిని తిరిగి గీయలేదు. ఆ పేరుతో వచ్చే ప్రోగ్రాములన్నీ సున్నాలు రాసేవే.

లోపల రెండు జాబితాలుంటాయి. ఫ్యాక్టరీలో దొరికిన లోపాలు పీ లిస్ట్‌లో. వాటిని లెక్కలోంచే దాటేస్తారు, ఎల్‌బీఏలు పక్కకి జరుగుతాయి, వేగం తగ్గదు. వాడకంలో పుట్టినవి జీ లిస్ట్‌లో. వాటికి మాత్రం స్పేర్ ప్రాంతానికి హెడ్డు దూకి రావాలి, అందుకే 05 ఎక్కువున్న డిస్కు కొన్ని చోట్ల ఆగి ఆగి నడుస్తుంది. ఫ్యాక్టరీలో సెల్ఫ్ స్కాన్ అని ఒకటి నడుస్తుంది. డిస్కుకి కరెంటు ఇచ్చి వదిలేస్తే తనంతట తానే గంటల తరబడి ప్రతి హెడ్డునీ, ప్రతి జోన్‌నీ కొలుచుకుని, లోపాలు పీ లిస్ట్‌లో వేసుకుని, హెడ్ల సర్దుబాటు విలువలు రాసుకుంటుంది. మీరు పెట్టే లాంగ్ టెస్ట్‌కీ దీనికీ పోలికే లేదు. పీసీ-3000 లాంటి డేటా రికవరీ పరికరాలతో కొన్ని డిస్కు వరసల మీద దీన్ని మళ్లీ నడపొచ్చు, పాడైన హెడ్డుని కోసేసి తక్కువ సామర్థ్యంతో బతికించొచ్చు కూడా. 500 జీబీ డిస్కు కోసం ఆ పరికరం కొనడం మాత్రం వ్యాపారం అనిపించుకోదు.

సీగేట్ సీరియల్ టెర్మినల్ (డిస్కు పిన్నులకి తీగలు తగిలించి ఫర్మ్‌వేర్‌కి నేరుగా ఆదేశాలిచ్చే దారి) గురించి వీడియోలు చూసుంటారు. 3.3 వోల్టుల యూఎస్‌బీ టీటీఎల్ ముక్క, 38400 బాడ్, కంట్రోల్ జెడ్ కొడితే ప్రాంప్ట్ వస్తుంది. అది 2009 ప్రాంతంలో బర్రాకుడా 7200.11 వరసలో బిజీలో ఇరుక్కుపోయే ఫర్మ్‌వేర్ దోషం కోసం బాగా వ్యాపించిన వైద్యం. ఆ వంటకంలోని ఆదేశాలు ట్రాన్స్‌లేటర్‌ని, అంటే ఎల్‌బీఏకీ పళ్లెం మీది చోటుకీ మధ్య లెక్కని, మళ్లీ కడతాయి. వేరే వరస డిస్కు మీద, ముఖ్యంగా షింగిల్డ్ రాత (ట్రాకులు ఒకదాని మీదొకటి కొంత ఎక్కేలా రాయడం) ఉండే లాప్‌టాప్ డిస్కుల మీద అవే కొడితే డిస్కు సున్నా బైట్లు చూపించి కూర్చుంటుంది. 5 వోల్టుల ముక్క తగిలిస్తే బోర్డే పోవచ్చు.

ఇంకొకటి ఉంది, అది మాత్రం వాడుకోండి: ఏటీఏ సెక్యూర్ ఎరేజ్. హెచ్‌డీపార్మ్ అనే లినక్స్ ఆదేశంతో యూజర్ పాస్‌వర్డ్ పెట్టి ఎరేజ్ ఆదేశం ఇస్తే, ఫర్మ్‌వేరే లోపల మొత్తం రాసుకుంటుంది. మీ సీపీయూకి, కేబుల్‌కి పని లేదు, నాలుగు డిస్కులకి ఒకేసారి పెట్టొచ్చు. ఎంత సేపు పడుతుందో హెచ్‌డీపార్మ్ వివరాల చివర్లో నిమిషాల్లో ఉంటుంది. ఎన్‌హాన్స్‌డ్ రకం ఉంటే అది మంచిది, పక్కకి మార్చేసిన పాత సెక్టర్లని కూడా తుడుస్తుంది, పాత యజమాని డేటా మిగలదు. "ఫ్రోజెన్" అని వస్తే సిస్టమ్‌ని ఒకసారి స్లీప్‌లోకి పంపి లేపండి.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక చిక్కు. ఎరేజ్ మధ్యలో కరెంటు పోతే డిస్కు పాస్‌వర్డ్‌తో లాక్ అయ్యే ఉంటుంది, ఏ సిస్టమ్‌లోనూ తెరుచుకోదు. పాడైపోలేదు. అదే పాస్‌వర్డ్‌తో ఎరేజ్ మళ్లీ మొదట్నుంచి పెట్టాలి. అందుకని అన్ని డిస్కులకీ ఒకటే సులువైన పాస్‌వర్డ్ పెట్టి, బెంచి మీద కనబడేలా రాసి ఉంచండి. బెంచికి యూపీఎస్ లేకపోతే ఈ పని పెట్టుకోకండి.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ ధన్యవాదాలు. రెండోది కొత్త కేబుల్‌తో పూర్తిగా చదివించాను, 199 కదల్లేదు, బిగుసుకోవడం పోయింది. మూడోది తీసేశాను.

ఒకటో దాంట్లో సున్నాలు రాసే ముందు ఆ ఒక్క సెక్టరునే రాసి చూద్దామని హెచ్‌డీపార్మ్ సెక్టర్ రాత ఆదేశం 488132407 మీద ఇస్తే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చింది. రాస్తే పోతుందన్నారు కదా?

నాలుగోదానికి సాటా పోర్టు ఖాళీ లేక యూఎస్‌బీ డాక్‌లో పెట్టాను. లాంగ్ టెస్ట్ ప్రతిసారీ "హోస్ట్ రీసెట్ వల్ల ఆగింది" అంటోంది. డాక్‌లోనే బ్యాడ్‌బ్లాక్స్ మాత్రం పూర్తయింది. దాని తర్వాత 05 నలభై, 197 సున్నా. రెండోసారి రాస్తే 05 యాభై ఆరు.

---

నాగావళి_రాయగడ:

ఒకటోది: మీరు 512 బైట్లే రాశారు. లోపలి సెక్టరు 4096. అందులో ఒక ముక్క మార్చాలంటే ఫర్మ్‌వేర్ మిగతా ఏడు ముక్కలు ముందు చదవాలి, చదవలేకే కదా అది పెండింగ్‌లో ఉంది. అందుకే తిప్పికొట్టింది. ఎనిమిదీ ఒకేసారి రాయాలి. 488132407ని 8తో భాగిస్తే 61016550, శేషం 7. అంటే ఆ లోపలి సెక్టరు 488132400 నుంచి 488132407 దాకా. డీడీ అనే లినక్స్ ఆదేశంలో బ్లాక్ సైజు 4096, సీక్ 61016550, కౌంట్ 1 పెట్టి, సున్నాలు రాయండి. అవుట్‌పుట్ ఫ్లాగ్ డైరెక్ట్ తప్పక పెట్టండి, లేకపోతే రాత కెర్నల్ క్యాష్‌లో ఆగి, డిస్కు దాకా చేరకముందే అయిపోయిందంటుంది. తర్వాత సెలెక్టివ్ టెస్ట్‌ని (చెప్పిన చోటు మాత్రమే చదివే టెస్ట్) 488132000 నుంచి చివరిదాకా అని పెడితే మొదటి పాతిక శాతం మళ్లీ చదివే పని తప్పుతుంది. చెడిన రెండో సెక్టరు అవతల ఎక్కడో దొరుకుతుంది, దానికీ ఇదే. డేటా అక్కర్లేనప్పుడు ఇంత చాకిరీ ఎందుకంటే, అవసరం లేదు, మొత్తం రాసేయండి. కస్టమరు డేటా ఉన్న డిస్కుకి మాత్రం ఈ పద్ధతి కావాలి, అదీ డీడీరెస్క్యూతో కాపీ తీశాకే.

డాక్: లోపలి చిప్పు కాసేపు రాకపోకలు లేకపోతే డిస్కుని నిద్రపుచ్చుతుంది. సెల్ఫ్ టెస్ట్ డిస్కు లోపలే నడుస్తుంది, బయటికి ఏమీ కనబడదు, కనుక డాక్ దృష్టిలో అది ఖాళీగా ఉన్నట్టే. నిమిషానికోసారి స్మార్ట్‌సీటీఎల్‌తో రిపోర్టు అడిగే చిన్న లూప్ నడిపితే మెలకువగా ఉంటుంది. డివైస్ రకం శాట్ అని ఇవ్వడం మరవకండి. అసలైన మందు మాత్రం సాటా పోర్టే.

నాలుగోది ఇవ్వకండి. 8 నుంచి 40 అంటే 32 పెండింగులూ రాసినా నిలవలేదు, అవి మెత్తటివి కావు. ఆపైన మరో 16 కొత్తగా పుట్టాయి. బరంపురం వారు చెప్పిన అడాప్టరు కథ చాలా డీవీఆర్ డిస్కులకి నిజమే గానీ దీనికి కాదు.

---

బరంపురం_బెంచ్:

ఒప్పుకుంటున్నాను, 05 రెండోసారీ పెరిగితే అడాప్టరు మీద నెట్టలేం. పారేసేముందు విక్టోరియా అనే డిస్కు పరీక్ష ప్రోగ్రాములో ఒకసారి చదివే స్కాన్ పెట్టి గ్రాఫ్ చూడండి, మిగతా డిస్కుల్ని చదవడానికి కూడా అది పనికొస్తుంది. 500 మిల్లీసెకన్లు దాటే బ్లాకులు ఒక్కచోటే గుంపుగా ఉంటే అక్కడ పళ్లెం మీద దెబ్బ. మొదటి నుంచి చివరిదాకా ఒక్కలాంటి ఎడంతో చారలు చారలుగా వస్తే ఒక హెడ్డు బలహీనపడింది. డిస్కు కొన్ని ట్రాకులు ఒక హెడ్డుతో, కొన్ని ఇంకో హెడ్డుతో వంతులవారీగా చదువుతుంది, ఆ వంతే గ్రాఫ్‌లో చారగా కనబడుతుంది. చారల డిస్కుకి పార్టిషన్ వైద్యం లేదు.

గుంపుగా ఉన్నదానికి ఉంది. ఆ ప్రాంతాన్ని అటు రెండు, ఇటు రెండు జీబీలు అదనంగా వదిలేసి, ముందొక పార్టిషన్, వెనకొక పార్టిషన్ చేయొచ్చు. చెడు చివర్లోనే ఉంటే హెచ్‌డీపార్మ్‌తో సామర్థ్యమే తగ్గించి చూపించొచ్చు, అప్పుడు ఎవరైనా ఫార్మాట్ చేసినా ఆ చోటు బయటికి రాదు. ఇదంతా రెండు నెలలకి కూడా గుంపు వెడల్పు పెరగకపోతేనే. గీత పడ్డ పళ్లెం మీద హెడ్డు తిరిగిన కొద్దీ పొడి రేగి గీత పెద్దదవుతుంది.

---

వంశధార:

కొలత గురించి నా మాట. గూగుల్ వాళ్లు 2007లో తమ లక్షకి పైగా డిస్కుల మీద ప్రచురించిన అధ్యయనంలో, మొదటి స్కాన్ ఎర్రర్ వచ్చిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, రాని డిస్కుకన్నా 39 రెట్లు ఎక్కువ. మొదటి రీలొకేషన్ (వేరే చోటికి మార్చడం, 05) వచ్చినదానికి 14 రెట్లు, పెండింగ్ వచ్చినదానికి 16 రెట్లు. అదే అధ్యయనంలో పోయిన డిస్కుల్లో 56 శాతానికి ఆ ముఖ్యమైన స్మార్ట్ లెక్కల్లో ఏదీ పెరగనే లేదు. స్మార్ట్ చెడ్డగా ఉంటే నమ్మండి, బాగుంటే సగమే నమ్మండి. ఆన్‌లైన్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ వాళ్లు గమనించేవి 5, 187 (సరిచేయలేకపోయిన తప్పులు), 188 (సమయానికి పూర్తికాని ఆదేశాలు), 197, 198. మీరూ ఈ అయిదింటినీ చూస్తే చాలు. సీగేట్‌లో 1, 7 నంబర్ల రా విలువలు కోట్లలో కనబడతాయి, వాటిలో మొత్తం ఎన్ని చదివిందీ అన్న లెక్క కూడా కలిసి ఉంటుంది, బెదరకండి.

డిస్కు అమ్మేటప్పుడు స్మార్ట్ కౌంటర్లు సున్నా చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. టెర్మినల్‌లో ఒక ఆదేశంతో అయిపోతుంది, నిజమే. 2025 మొదట్లో వాడేసిన సీగేట్ సర్వర్ డిస్కులు అలాగే సున్నా గంటలతో కొత్తవిగా అమ్ముడైన వ్యవహారం బయటపడింది. పట్టించింది ఫార్మ్ అనే ఇంకో లాగ్. స్మార్ట్‌సీటీఎల్ 7.4 నుంచి దాన్ని చదువుతుంది. మీరు కొనే సీగేట్లకి కూడా స్మార్ట్‌లోని గంటల లెక్కనీ ఫార్మ్‌లోని గంటల లెక్కనీ పోల్చండి, వేలల్లో తేడా ఉంటే వెనక్కి పంపేయండి.

చీటీ మీద గంటలు, 05 విలువ, చివరి లాంగ్ టెస్ట్ తేదీ రాసి డిస్కుకే అంటించండి. ఒకటోది ట్యూషన్ సెంటరుకి బూట్ డిస్కుగా ఇవ్వొచ్చు, అక్కడ పోయినా విండోస్ మళ్లీ వేస్తే సరి. పెళ్లి ఫోటోలు దాచుకునే స్టూడియో వాళ్లు అడిగితే ఇంకోచోట కాపీ ఉందని తేలాకే ఇవ్వండి.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఒకటోది సున్నాలు రాశాక 197, 198 సున్నా, 05 కూడా సున్నాయే. లాంగ్ టెస్ట్ దాటింది, మూడు రోజుల తర్వాత ఇంకోటి పెడతాను. నాలుగోదాంట్లో చారలే వచ్చాయి. మూడోదాన్ని, దీన్ని విరగ్గొట్టి పాత ఇనుముకి వేసేస్తాను. సుత్తి చాలు కదా?

---

జయపురం_హార్డ్‌వేర్:

నాలుగోదానికి మూత విప్పి పళ్లేలు వంచేయండి, 3.5 అంగుళాల వాటిలో ఎక్కువగా అల్యూమినియం. మూడోదానికి సుత్తి వద్దు. లాప్‌టాప్ డిస్కుల పళ్లేలు చాలావరకు గాజువి, కొడితే సూదుల్లా ఎగురుతాయి. మందపాటి గుడ్డలో రెండు మడతలు చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, బోర్డు తీసేశాక మూత మీంచే ఒక దెబ్బ వేయండి. కలకలమని శబ్దం వస్తే పని అయినట్టే, మళ్లీ విప్పి చూడకండి. పెద్దదాంట్లోంచి అయస్కాంతాలు తీసేటప్పుడు రెండిటి మధ్య వేలు పెట్టొద్దు, చర్మం ఊడొస్తుంది.